బీపీకి సూదుల వైద్యం: పది సిట్టింగుల ప్యాకేజీలో దొరికేది ఎంత?

బీపీ తగ్గిస్తామని ఆక్యుపంక్చర్ క్లినిక్కులు సాధారణంగా పది సిట్టింగుల ప్యాకేజీ అమ్ముతాయి. వారానికి రెండు మూడు సార్లు రమ్మంటారు. పడుకోబెట్టి చేతుల్లో, కాళ్ళలో, ఒక్కోసారి నడినెత్తిన, చెవుల్లో ఎనిమిది నుంచి పదిహేను సూదులు గుచ్చి అరగంట ఉంచుతారు. ఈ సేవ మీద మా తీర్పు ముందే చెప్పేస్తాం. సరైన పాయింట్లలో, సరిపడినన్ని సార్లు సూదులు పడితే కొందరిలో బీపీ కొద్దిగా తగ్గుతుంది. గుచ్చడం ఆపాక కొన్ని వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో, ఆ తగ్గుదల పోతుంది. మాత్రలు వేసుకుంటూ, ఉప్పు తగ్గించుకుంటూ, దానికి తోడుగా చేయించుకోవాలనుకునేవాళ్ళకు అభ్యంతరం లేదు. మాత్రలు మానేయడానికి దారి అనుకుని డబ్బు కట్టేవాళ్ళకు మాత్రం ఇది ప్రమాదకరమైన కొనుగోలు.

ఈ మాట దేన్నిబట్టి అంటున్నామంటే, బీపీ మీద సూదులకు పెద్ద పరీక్షలే జరిగాయి. 2006లో ఫలితాలు వచ్చిన అమెరికా పరీక్షలో 192 మందిని తీసుకున్నారు. వాళ్ళెవరూ పరీక్ష జరిగినంతకాలం బీపీ మాత్రలు వాడలేదు. 6 నుంచి 8 వారాల్లో 12 దాకా సిట్టింగులు ఇచ్చారు. కొందరికి నాడి, నాలుక చూసి మనిషికి తగ్గట్టు పాయింట్లు ఎంచారు. కొందరికి అందరికీ ఒకటే పాయింట్లు. మిగిలినవాళ్ళకు పాయింట్లు కాని చోట్ల ఉత్తుత్తిగా గుచ్చారు. పదో వారంలో చూస్తే అసలు సూదులు పడ్డవాళ్ళలో పై బీపీ సగటున 3.56 మి.మీ. తగ్గింది, ఉత్తుత్తి సూదులు పడ్డవాళ్ళలో 3.84 మి.మీ. తగ్గింది. అంటే తేడా లేదు. మనిషికి తగ్గట్టు ఎంచిన పాయింట్లు కూడా ఏమీ కలిపి ఇవ్వలేదు.

2007లో వచ్చిన జర్మనీ పరీక్ష కొంత ఆశ కలిగించింది. 160 మంది, ఎక్కువ మంది మాత్రలు వాడుతున్నవాళ్ళే, 6 వారాల్లో 22 సిట్టింగులు, ఒక్కోటి అరగంట. బీపీని క్లినిక్కులో ఒక్కసారి కాకుండా ఒంటికి మెషిన్ కట్టి 24 గంటలూ కొలిచారు. ఉత్తుత్తి సూదుల వాళ్ళతో పోలిస్తే పై బీపీ 6.4, కింది బీపీ 3.7 మి.మీ. ఎక్కువ తగ్గింది. ఇది నిజమైన ఫలితమే. అయితే మూడు నెలల తర్వాత, ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలిస్తే ఆ తేడా మాయమైంది.

ఇక్కడ ప్యాకేజీ కొనేవాళ్ళు లెక్క వేసుకోవాలి. ఆ ఫలితం వచ్చింది ఆరు వారాల పాటు వారానికి దాదాపు నాలుగేసి సార్లు వెళ్తే. పది సిట్టింగుల ప్యాకేజీ అందులో సగం కూడా కాదు. పోనీ 22 సిట్టింగులూ పూర్తి చేశారనుకుందాం, మూడు నెలలకు మళ్ళీ మొదటికి వస్తారు. బీపీ జీవితాంతం చూసుకోవాల్సింది కాబట్టి ఈ ఖర్చు కూడా ఏళ్ళ తరబడి వేసుకోవాలి. ప్రామాణిక మోతాదులో ఒక్క బీపీ మాత్ర సగటున పై బీపీని 9, కింది బీపీని 5 మి.మీ. తగ్గిస్తుంది, వేసుకున్నంతకాలం ఆ పని చేస్తూనే ఉంటుంది. పై బీపీ 10 మి.మీ. తగ్గి, అలా నిలిస్తే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు దాదాపు ఐదో వంతు తగ్గుతాయని వేలమంది మీద జరిగిన పరీక్షలు చూపించాయి. ఆరు వారాలు తగ్గి మళ్ళీ పెరిగిన బీపీ ఆ రక్షణ ఇస్తుందని ఏ పరీక్షా చూపలేదు. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 22 పరీక్షలను, వాటిలోని 1,744 మందిని కలిపి చూసి 2018లో ఇచ్చిన సమీక్ష కూడా ఇదే చెప్పింది: నిలకడగా బీపీ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, కొద్ది గంటల పాటు ఉండే తగ్గుదలకు ఉన్న ఆధారం కూడా బలహీనమైనదే.

మరి క్లినిక్కులో మొదటి రోజే 160 నుంచి 140కి దిగిందని చూపిస్తారే, అది అబద్ధమా? సాధారణంగా మెషిన్ అబద్ధం చెప్పదు, కొలిచిన తీరే తప్పు. ట్రాఫిక్‌లో వచ్చి, మెట్లెక్కి, కుర్చీలో కూర్చోగానే చొక్కా చేతి మీదే కఫ్ కట్టి కొలుస్తారు. 160 కనిపిస్తుంది. తర్వాత చీకటి గదిలో, ఫ్యాను కింద, మెత్తటి బల్ల మీద అరగంట కదలకుండా పడుకోబెట్టి, లేపకుండానే మళ్ళీ కొలుస్తారు. సూది ఒక్కటీ గుచ్చకపోయినా ఆ అరగంట విశ్రాంతికే బీపీ దిగుతుంది. దీనికి ఇంకొకటి కలుస్తుంది. బీపీ రోజు రోజుకూ ఊగేది. మనం క్లినిక్కుకు పరుగెత్తేది అది బాగా ఎక్కిన రోజుల్లోనే. తర్వాతి వారం కొలిస్తే ఏమీ చేయకపోయినా కొంత దిగే ఉంటుంది. ఈ రెండూ కలిసి సూదికి లేని పేరు తెచ్చిపెడతాయి. సిట్టింగుకు ముందు, తర్వాత అంకెలతో నింపిన కార్డును ఫలితంగా ఒప్పుకోకూడదు.

ఒప్పుకోదగిన కొలత ఇంట్లో తీసుకున్నది. చేతికి కట్టే డిజిటల్ మెషిన్, అదీ మణికట్టుకు కాకుండా మోచేతికి పైన కట్టేది, ఉంటే చాలు. కఫ్ చేతికి సరిపోవాలి, లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. ఉదయం మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో. ఇలా ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా 24 అంకెల సగటు కట్టాలి. ఇంట్లో ఈ సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే, క్లినిక్కులో 140/90 హద్దుగా చూసేది ఇంట్లో ఇలా మారుతుంది.

సూదులు మొదలుపెట్టే ముందు ఒక వారం ఇలా రాసుకోవాలి. ఆరో వారంలో మళ్ళీ ఒక వారం, ఆపిన నాలుగు వారాలకు ఇంకో వారం. సిట్టింగు జరిగిన రోజు అంకెలు విడిగా రాసుకోవాలి, ఎందుకంటే ఆ కొద్ది గంటల తగ్గుదల సగటును వంచేస్తుంది. ఈ మధ్యలో మాత్ర మోతాదు మారినా, ఉప్పు తగ్గించినా ఆ తేదీ పక్కన రాసుకోవాలి. ఆరో వారం సగటు మొదటి సగటు కన్నా 5 మి.మీ. కూడా తగ్గకపోతే ఆ మనిషికి సూది పని చేయడం లేదని తీసుకోవచ్చు. రెండో ప్యాకేజీ కట్టక్కర్లేదు.

సిట్టింగు ఎలా ఉండాలో ఇప్పుడు చెప్తాం, ఎందుకంటే మంచి చేతికీ చెడ్డ చేతికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. బీపీకి ఎక్కువగా వాడే పాయింట్లు ఐదారు, వాటి పేర్లు చైనా భాషవి. పాదం మీద బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఎముకలు కలిసే చోటికి కాస్త ముందున్న గుంట తైచోంగ్. మోచేయి మడిచినప్పుడు మడత బయటి కొస చూచి. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ వెడల్పు దిగి, ముంగాలి ఎముక అంచు నుంచి ఒక వేలెడు బయటికి జుసాన్‌లి. మణికట్టు లోపలి మడత నుంచి మూడు వేళ్ళ వెడల్పు పైకి, రెండు నరాల్లా కనిపించే తంతువుల మధ్య నైగువాన్. వీటికి తోడు లోపలివైపు చీలమండ ఎముకకు నాలుగు వేళ్ళ వెడల్పు పైన సాన్‌యిన్‌జియావో, చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో హెగు. కొలతకు వాడేది రోగి వేళ్ళే, వైద్యుడి వేళ్ళు కావు. స్కేలుతో అంగుళాలు కొలిచేవాళ్ళు ఉంటే అడగాల్సిందే.

సూది 0.25 మి.మీ. మందం, 25 లేక 40 మి.మీ. పొడవు ఉంటే చాలు. పాదం, మణికట్టు దగ్గర పొట్టిది, కాలి కండకు పొడుగుది. స్పిరిట్ దూదితో తుడిచి అది ఆరేదాకా ఆగాలి, తడి మీదే గుచ్చితే మండుతుంది. గుచ్చాక వైద్యుడు సూదిని కొంచెం తిప్పి, పైకీ కిందికీ ఆడిస్తాడు. లోపల బరువుగా, లాగినట్టు, తిమ్మిరిగా అనిపిస్తే 'సూది పట్టింది' అంటారు. ఆ అనుభూతి వచ్చాక 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. చురుక్కున కోసినట్టు నొప్పి వస్తే అది పట్టడం కాదు, చర్మంలోనో చిన్న రక్తనాళంలోనో తగిలినట్టు. నైగువాన్ దగ్గర మధ్యవేలి దాకా కరెంటు కొట్టినట్టు పాకితే సూది నడిమి నరానికి తగిలింది, వెంటనే కొద్దిగా వెనక్కి లాగాలి. అక్కడే ఉంచి ఇంకా తిప్పేవాళ్ళ చేతికి చెయ్యి ఇవ్వకూడదు.

కొన్నిచోట్ల సూదులకు క్లిప్పులు తగిలించి సన్నటి కరెంటు ఇస్తారు. ఈ పద్ధతికే శాస్త్రీయంగా ఎక్కువ వివరణ ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్‌లో లీ, లాంగ్‌హర్స్ట్ బృందం 2015లో 65 మంది మీద చేసిన పరీక్షలో మణికట్టు, ముంగాలి పాయింట్లకు వారానికి ఒకసారి అరగంట చొప్పున 8 వారాలు కరెంటు సూదులు ఇస్తే 24 గంటల బీపీ కొద్దిగా తగ్గింది. వేరే పాయింట్లలో ఇచ్చినవాళ్ళలో అలా తగ్గలేదు. బీపీని ఎక్కించే నార్ఎపినెఫ్రిన్ రక్తంలో 41 శాతం తగ్గిందని వాళ్ళు కొలిచారు. ఈ పాయింట్ల కింద ఉన్న పెద్ద నరాల నుంచి సంకేతం మెదడు కాండానికి చేరి, గుండెనూ రక్తనాళాలనూ బిగించే నాడుల జోరు తగ్గిస్తుందని వాళ్ళ వివరణ. జంతువుల మీద దశాబ్దాల పాటు చేసిన పని దాని వెనక ఉంది. పరీక్ష చిన్నది, అయినా తీసిపారేయాల్సింది కాదు. కరెంటు సూదులు ఇచ్చే చోట ఫ్రీక్వెన్సీ ఎంత పెడుతున్నారో అడగండి. బీపీకి వాడేది తక్కువ, సెకనుకు రెండు సార్లు. కండ సన్నగా అదిరేదాకా పెంచి ఆపాలి, నొప్పి రాకూడదు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకు ఇది అసలు పెట్టకూడదు. ఎవరికైనా సరే, రెండు చేతులకు ఒకే జత వైర్లు తగిలించి ఛాతీ మీదుగా కరెంటు పోనివ్వకూడదు.

మెడ దగ్గర గుచ్చుతామంటే బీపీ ఉన్నవాళ్ళు ఆలోచించాలి. గొంతు పక్కన రెన్‌యింగ్ అనే పాయింట్‌ను చైనాలో బీపీకి వాడతారు, కానీ అది మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమనిని ఆనుకుని ఉంటుంది. ఏళ్ళ తరబడి బీపీ ఉన్నవాళ్ళలో ఆ ధమనిలో కొవ్వు పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ. దాని పక్కన సూది ఆడించడం మన క్లినిక్కుల్లో చేయించుకోవాల్సిన పని కాదు. తల వెనక పుర్రె కింద గుంటలో ఉండే ఫెంగ్‌చి కూడా లోతు, దిశ తెలిసినవాళ్ళే గుచ్చాలి. సూది ముక్కు కొస వైపు చూడాలి, పైకి లోపలికి చూడకూడదు. మెడ బిగుసుకుందని చెప్పినప్పుడు భుజం మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తి పై కొసకు తగలొచ్చు. అలా తగిలితే అప్పుడే తెలియదు, కొన్ని గంటలకు ఛాతీలో నొప్పి, ఆయాసం మొదలవుతాయి. అలా అయితే నేరుగా ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయించాలి.

ఎక్కువగా జరిగేది మాత్రం కళ్ళు తిరగడం. పొద్దున్నే మాత్ర వేసుకుని, టిఫిన్ చేయకుండా వచ్చి, కూర్చోబెట్టి గుచ్చించుకున్నవాళ్ళలో ఇది తరచూ కనిపిస్తుంది. చెమట పట్టి, మొహం పాలిపోయి, వాంతి వచ్చినట్టు అవుతుంది. సూదులన్నీ తీసేసి, పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తితే కొద్ది నిమిషాల్లో తేరుకుంటారు. అందుకే గంట, గంటన్నర ముందు ఇడ్లీయో, రెండు చపాతీలో తినాలి, మొదటి సిట్టింగు పడుకునే జరగాలి, అయ్యాక పది నిమిషాలు అక్కడే కూర్చుని లేవాలి. బీపీ మాత్రలతో పాటు మూత్రం మందు వాడేవాళ్ళు మరీ మెల్లగా లేవాలి. రక్తం పలచబడే మందులు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు ముందే చెప్పాలి, లేకపోతే సూది తీసిన చోట నల్లగా కమిలి గడ్డ కడుతుంది. తీశాక ఆ చోట పొడి దూదితో రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు పాదంలో గుచ్చకపోవడమే మేలు. గర్భిణులకు హెగు, సాన్‌యిన్‌జియావో వాడరు. గర్భంలో బీపీ ఉంటే సూదుల మాట పక్కన పెట్టి ప్రసూతి వైద్యుల దగ్గరే ఉండాలి.

శుభ్రత విషయంలో రాజీ వద్దు. ఒక్కో సూది విడిగా, గడువు తేదీ ఉన్న ప్యాకెట్‌లోంచి మీ కళ్ళముందే తీయాలి. కొన్నిచోట్ల 'మీ సూదులు మీ పేరు రాసిన డబ్బాలోనే దాచి మీకే వాడతాం' అంటారు. వినడానికి బాగుంటుంది, కానీ పేర్లు తారుమారైతే హెపటైటిస్ బి, సి అంటుకునే దారి అదే. పైగా వాడిన సూది మొన మొద్దుబారి చర్మాన్ని చీలుస్తుంది. వాడిన సూదులు గుచ్చుకోని తెల్లటి పారదర్శక డబ్బాలోకి పోవాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలే చెప్తాయి. గదిలో ఆ డబ్బా కనిపించకపోతే ఇంకేమీ అడగక్కర్లేదు, లేచి వచ్చేయొచ్చు. తీసేటప్పుడు సూదులు లెక్కపెట్టడం కూడా చూడండి. జుట్టులో గుచ్చినది ఒకటి మరిచిపోవడం మనం అనుకునేంత అరుదు కాదు.

గుచ్చేది ఎవరు అన్నది ఇంకో చిక్కు. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌తో పాటు 1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఈ విద్యను 1959లో కలకత్తాకు తెచ్చారు. పశ్చిమ బెంగాల్ 1996లో, మహారాష్ట్ర 2015లో దీనికి ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. కేంద్రం 2019లో దీన్ని స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. మన దగ్గర బోర్డు మీద 'డాక్టర్' అని ఉన్నవాళ్ళలో ఎంబీబీఎస్ చదివి తర్వాత ఇది నేర్చినవాళ్ళు ఉన్నారు, ఐదున్నరేళ్ళ ప్రకృతి వైద్య డిగ్రీ బీఎన్‌వైఎస్ చేసినవాళ్ళు ఉన్నారు, వారాంతపు తరగతులతో సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నలు మూడే: మీ డిగ్రీ ఏది, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, సిట్టింగులో నాకు ఛాతీ నొప్పి వస్తే ఏం చేస్తారు. మూడో ప్రశ్నకు నసిగేవాళ్ళ దగ్గర పడుకోవద్దు.

మాత్రల గురించి క్లినిక్కు ఏం చెప్తుందో అదే మా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష. 'మొదటి రోజు నుంచే మాత్రలు ఆపేయండి, అవి ఒంట్లో ఉంటే సూది పని చేయదు' అని చెప్పే చోట్లు ఉన్నాయి. జర్మనీ పరీక్షలో మాత్రలు వాడుతున్నవాళ్ళలోనే సూది పని చేసింది కాబట్టి ఆ మాటకు ఆధారం లేదు. ఆపితే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. ఆమ్లోడిపిన్ లాంటి మాత్ర ప్రభావం ఒంట్లోంచి పోవడానికి చాలా రోజులు పడుతుంది. ఆపిన మొదటి రెండు మూడు రోజులు బీపీ మామూలుగానే ఉండి, సూదే పని చేసిందని నమ్మిస్తుంది. వారం తర్వాత ఎక్కడం మొదలవుతుంది, తలనొప్పి లాంటి సూచన ఏదీ ఇవ్వకుండానే. అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ఇంకా ఘోరం, బీపీ, గుండె వేగం ఎదురు తన్ని పైకి లేస్తాయి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు గుండెపోటు దాకా పోవచ్చు. ఇంటి సగటు వారాల తరబడి బాగా తగ్గి ఉంటే మాత్ర రాసిన వైద్యుడికి ఆ కాగితం చూపించాలి, మోతాదు ఆయన తగ్గించాలి.

చెవి వెనక గింజలు అంటించి పంపే పద్ధతి గురించి రెండు మాటలు. ప్లాస్టర్ కింద చిన్న గింజ పెట్టి రోజుకు మూడు నాలుగు సార్లు నొక్కమంటారు. హాని తక్కువ, బీపీ మీద ప్రభావం గట్టిగా చెప్పలేం. గింజకు బదులు చిన్న సూదిని చెవిలోనే రోజుల తరబడి వదిలేసే పద్ధతి మాత్రం గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్ళకు వద్దు, చెవిలో మొదలైన ఇన్ఫెక్షన్ గుండెకు చేరొచ్చు.

ఖర్చు తూచాలంటే సిట్టింగు ధరకు రాకపోకల ఖర్చు, పోయిన సగం పూట పని కలిపి లెక్కవేయండి. అదే ఆరు వారాలు ఇంట్లో ఉప్పును రోజుకు మనిషికి 5 గ్రాములకు, అంటే టీస్పూను కన్నా కాస్త తక్కువకు దించితే వచ్చే తగ్గుదల సూదులు ఇచ్చే దానికి తీసిపోదు. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు మాత్రం మానకపోతే ఆ లెక్క కుదరదు. వాటిలోనూ ఉప్పు చాలానే ఉంటుంది.

సిట్టింగుకు వెళ్ళిన రోజు, ఐదు నిమిషాలు కూర్చున్నాక కూడా మెషిన్ 180/120 పైన చూపిస్తే ఆ రోజు సూదులు వద్దు. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ కొలవాలి. అంతే ఉంటే అదే రోజు మీ వైద్యుడితో మాట్లాడాలి. దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక వైపు చెయ్యీ కాలూ బలహీనపడటం ఏది ఉన్నా అక్కడి నుంచే 108కి ఫోన్ చేయాలి.